గీతలు పెట్టింది ఇనుము కాదు: గాజు పొయ్యి మీద పోత ఇనుప పెనం, ఒక కేస్ స్టడీ

అమలాపురంలో ఒక ఇల్లు. వంటగది కొత్తగా కట్టించుకుని, గట్టులో నాలుగు పొయ్యిల సెరామిక్ గాజు హాబ్ బిగించుకున్నారు. పది వారాలు తిరిగేసరికి నల్లటి గాజు మీద విల్లులా వంగిన గీతలు పడ్డాయి. అక్కడక్కడ బూడిదరంగు మరకలు, ఒకచోట గోటికి తగిలేంత గుంట. పెసరట్టు అంచులు కాలడం లేదు, దిబ్బరొట్టె నడుమ మాడి చుట్టూ పచ్చిగా మిగులుతోంది. హాబ్ అమ్మిన చోట అడిగితే, "ఇనప సామాను పెట్టకూడదండీ, బరువుకి గాజు పగిలిపోద్ది" అన్నారట. అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న మూకుడు వదలనన్నారు, కోడలు హాబ్ వదలనంది.

ఇద్దరికీ ఇద్దరూ సరే. బరువు భయం ఇక్కడ పెద్దగా పనికిరాదు. 5 లీటర్ల కుక్కరు బియ్యం, నీళ్ళతో కలిపి 5 కిలోలు దాటుతుంది, దాన్ని ఈ హాబ్ మీద పెట్టడానికి ఎవరూ జంకలేదు. ఈ ఇంటి అట్ల పెనం 2.6 కిలోలు, మూకుడు 2.9 కిలోలు. నెమ్మదిగా దించిన బరువును గాజు మోస్తుంది. గాజుకు పడనివి ఎత్తు నుంచి జారడం, ఈడ్వడం, పెనం అడుగున అంటుకున్న రేణువు. ఇనుప పెనం పైభాగాన్ని అందరూ చూసుకుంటారు. గాజు మీద వాడేటప్పుడు చూడాల్సింది అడుగు.

ముందు ఏ గాజో తేల్చాలి

మన ఇళ్ళలో "గ్లాస్ స్టవ్" అనే ఒక్క మాట మూడు వేరు వేరు పొయ్యిలకు వాడుతున్నాం. జాగ్రత్తలన్నీ కలగాపులగం కావడానికి కారణం ఇదే.

మొదటిది గాజు పలక ఉన్న గ్యాస్ స్టవ్. ఆ పలక టఫెన్డ్ గాజు, అంటే మామూలు గాజునే వేడి చేసి, గబగబా చల్లార్చి గట్టిపరిచింది. గిన్నె ఆ గాజును తాకదు, ఇనుప కాళ్ళ మీద నిలబడుతుంది. ఈ గాజు వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి, ఒక మూల కాగి పక్కనే చల్లటి తడిగుడ్డ పడితే ఒక్కసారిగా ముక్కలు ముక్కలైపోవచ్చు. పెద్ద పెనం బర్నరును పూర్తిగా కప్పేస్తే మంట వేడి కిందికి తిరిగి గాజును కాలుస్తుంది. దిబ్బరొట్టెలా అరగంట మూతపెట్టి ఉంచే వంటల్లో ఈ ప్రమాదం ఎక్కువ.

రెండోది ఇన్‌ఫ్రారెడ్ లేదా సెరామిక్ హాబ్. కింద కాయిల్ ఎర్రగా కాలుతుంది, గాజు గుండా వేడి పైకి వస్తుంది. మూడోది ఇండక్షన్, ఇందులో వేడి గిన్నె అడుగులోనే పుడుతుంది. ఈ రెండింటికీ సాధారణంగా వాడేది గ్లాస్ సెరామిక్. 1971లో జర్మనీలోని షాట్ కంపెనీ సెరాన్ పేరుతో ఈ రకం పలకలను పొయ్యిలకు తెచ్చింది. ఇది వేడికి దాదాపు వ్యాకోచించదు, అందుకే ఎర్రగా కాలిన చోట నీటి చుక్క పడ్డా తట్టుకుంటుంది. ఎక్కువగా 4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. వేడికి గట్టిదే గానీ, గరిటె కొస పడినా, పెనం అంచు తగిలినా ఆ ఒక్క బిందువు దగ్గర చిట్లుతుంది.

ఈ ఇంట్లో ఉన్నది రెండో రకం. 14.5 సెంటీమీటర్ల పొయ్యిలు రెండు (1200 వాట్లు), 18 సెంటీమీటర్ల పొయ్యి ఒకటి (1800 వాట్లు), 21 సెంటీమీటర్లది ఒకటి (2300 వాట్లు). వెనక వరండాలో పాత గ్యాస్ పొయ్యి, బల్ల మీద చిన్న ఇండక్షన్ కూడా ఉన్నాయి. అది అదృష్టమే, ఎందుకో కింద తెలుస్తుంది.

పరీక్షలో బయటపడినవి

గాజు చల్లారాక పది రెట్ల భూతద్దంతో చూశాం. బూడిదరంగు మరకల మీద గోరు పోనిస్తే ఎక్కడా ఆగలేదు. అంటే అవి గీతలు కావు, గాజు కంటే మెత్తని లోహం రాసుకుని మిగిల్చిన పూత. అల్యూమినియం ఇడ్లీ పాత్ర అడుగుతో సరిపోయాయి. హాబ్ క్రీమ్ రాసి పది నిమిషాలు తుడిస్తే పోయాయి. ఇన్నాళ్ళూ ఆ నేరం ఇనుము మీద పడింది.

విల్లు గీతలు మాత్రం నిజమైనవే, గోరు తట్టుకుంది. పొయ్యి మధ్య నుంచి 9, 10 సెంటీమీటర్ల దూరంలో వలయాకారంగా ఉన్నాయి. పెనం తిరగేసి చూస్తే సరిగ్గా అంత దూరంలోనే, అడుగున పోత పోసిన కంపెనీ అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్నాయి. తెల్లని నూలుగుడ్డ పొడిగా రుద్దితే నల్లటి మసితో పాటు మెరిసే సన్నని పలుకులు వచ్చాయి.

ఆ పలుకులు ఊక బూడిదవి. రైసు మిల్లుల ఊక కాల్చిన బూడిదతో ఇనుప సామాను తోమడం డెల్టాలో పాత అలవాటు. జిడ్డు బ్రహ్మాండంగా పోతుంది. కానీ ఊక బూడిదలో 85 శాతం పైనే సిలికా. ఇటుక పొడి, గోదారి ఇసుక కూడా అదే జాతి. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలులో పోత ఇనుము 4, 5 మధ్య, గ్లాస్ సెరామిక్ 6 చుట్టుపక్కల, ఇసుకలోని క్వార్ట్జ్ 7. ఇనుము నేరుగా ఈ గాజును గీయలేదు. అక్షరాల సందుల్లో ఇరుక్కున్న పలుకు గీస్తుంది. బూడిదతో తోమి, పైపైన కడిగి, అదే పెనాన్ని గాజు మీద అటూ ఇటూ తిప్పితే ఎమరీ కాగితంతో రుద్దినట్టే.

"అయితే ఇసకేనా అండీ తప్పు, పెనంది కాదా?" అని అత్తగారు అడిగారు. పెనానిది కూడా కొంత ఉంది. పోత సామాను ఇసుక అచ్చులో పోస్తారు. కొత్త పెనం అడుగున అచ్చు ఇసుక రేణువు అతుక్కుని ఉండటం, అంచున పోత ముల్లు మిగలడం మామూలే. ఈ పెనం అంచున ఒక ముల్లు వేలికి తగిలింది.

గుంట సంగతి వేరు. బూరెలకు బెల్లం పాకం పట్టినప్పుడు పొంగి గాజు మీద పడింది, చల్లారాక గీకారు. పంచదార గానీ బెల్లం గానీ కరిగి గాజుకు అతుక్కుంటే చల్లారుతూ ముడుచుకుంటుంది, గట్టిగా పట్టుకున్న చోట గాజు పొరను లేపేస్తుంది. పాకం పడితే పొయ్యి కట్టేసి, వేడి ఉండగానే బ్లేడు స్క్రాపర్‌తో పక్కకు లాగాలి. చల్లారనివ్వకూడదనే నియమం దాదాపు ఈ ఒక్క మరకకే.

ఏ పాత్ర ఉంచాం, ఏది పంపేశాం

గుంట పొంగడాల పెనం అడుగున గుంటకో బుడిపె. గాజును ఆ బుడిపెల కొసలే తాకుతున్నాయి. వేడి సరిగా అందదు, బరువంతా కొసల మీదే. దీన్ని వరండాలో గ్యాస్ మీదికి మార్చేశాం.

అత్తగారి మూకుడు గుండ్రటి అడుగుది. గాజు మీద బొట్టుబిళ్ళంత మేర ఆనుతుంది, గరిటె ఆడితే ఊగుతుంది. దిబ్బరొట్టె నడుమ మాడింది అందుకే. కింద ఇనుప రింగు పెట్టి నిలబెట్టే ప్రయత్నం ఇంట్లో ఒకసారి చేశారు. అది ఇంకా చెడ్డది. రింగు లోపల వేడి బంధించబడి గాజు కాగిపోతుంది, గాజును కాపాడే లిమిటర్ మాటిమాటికీ కరెంటు ఆపేస్తుంది. ఆపైన రింగు అంచు గాజును గీస్తుంది. మూకుడు కూడా గ్యాస్ మీదికే. హాబ్ మీద దిబ్బరొట్టె కోసం చదును అడుగు ఉన్న లోతైన పోత ఇనుప పాత్ర కొనిపించాం. అడుగు వ్యాసం 18 సెంటీమీటర్లు, పొయ్యి కూడా అంతే. కొనేటప్పుడు పైమూతి కొలత చూసి మోసపోకండి, లెక్క అడుగుది.

29 సెంటీమీటర్ల అట్ల పెనం ఉంచాం, అడుగు సరిచేసి.

అడుగు సరిచేసిన పద్ధతి

స్టీలు స్కేలును పెనం అడుగుకు అడ్డంగా నిలబెట్టి, కింద ఖాళీ ఎంతో ఏ4 కాగితాలతో కొలిచాం. ఒక కాగితం దాదాపు 0.1 మిల్లీమీటరు. నడుమ లోపలికి వంగి ఐదు కాగితాల దాకా ఖాళీ ఉన్నా ఫరవాలేదు, వాడుకోవచ్చు. నడుమ బయటికి పొంగితే మాత్రం ఒప్పుకోకూడదు. అలాంటి పెనం గాజు మీద బొంగరంలా తిరుగుతుంది. ఈ పెనం పొంగలేదు, అక్షరాలే ఎత్తుగా ఉన్నాయి.

అక్షరాలు, ముల్లు తీయడానికి హ్యాండ్ గ్రైండరుకు 80 నంబరు ఫ్లాప్ డిస్కు (ఎమరీ రెక్కలు అతికించిన చక్రం) పెట్టి పైపైన ఆనించాం. ఒకేచోట నొక్కి పట్టుకుంటే అక్కడ పల్లం పడుతుంది. తర్వాత చదునైన గ్రానైటు పలక మీద 120 నంబరు ఎమరీ గుడ్డ అంటించి, పెనం అడుగంతా నీటికి చెరగని మార్కరుతో గళ్ళు గీసి, నీళ్ళు చల్లుతూ ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాం. గీతలు చెరిగిన చోటు ఎత్తు, మిగిలిన చోటు పల్లం. గళ్ళన్నీ సమంగా చెరిగేదాకా గంటన్నర పట్టింది. చివర 220 నంబరుతో పది నిమిషాలు. ఈ పని హాబ్ ఉన్న గదిలో చేయకూడదు. ఎమరీ ధూళి గాజు మీద వాలితే పడిన శ్రమంతా దండగ.

సబ్బుతో రెండుసార్లు కడిగి, వెంటనే మంట మీద ఆరబెట్టి, అడుగుకు నూనె పట్టించాం. నూనె ఎంపికలో కోనసీమలో ఒక పొరపాటు జరుగుతుంటుంది: ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాస్తారు. ఇనుము మీద నూనె గట్టి పొరగా మారాలంటే దాని అయొడిన్ విలువ (నూనెలో అసంతృప్త కొవ్వు ఎంతుందో చెప్పే అంకె) ఎక్కువుండాలి. కొబ్బరినూనెది 6 నుంచి 11, పొద్దుతిరుగుడుది 118 నుంచి 141. కొబ్బరినూనె గట్టిపడదు, జిగురుగా మిగిలి వేడికి గాజు మీదికి దిగుతుంది. అవిసె నూనె విలువ ఇంకా ఎక్కువే, కానీ దాని పొర పెళుసై పెచ్చులూడటం ఎక్కువ. ఇక్కడ పొద్దుతిరుగుడు నూనె వాడాం, తవుడు నూనె ఉన్నా సరిపోతుంది.

అర చెంచా నూనె అడుగంతా రాసి, పొడిగుడ్డతో అసలు రాయనే లేదన్నట్టు తుడిచేయాలి. పెనాన్ని గ్యాస్ పొయ్యి మీద బోర్లించి, అడుగు పైకి ఉండగా, సన్నమంట మీద సన్నటి పొగ వచ్చి తగ్గేదాకా దాదాపు 15 నిమిషాలు ఉంచి చల్లార్చాలి. ఇలా మూడుసార్లు. మందంగా రాస్తే అడుగు జిగటగా తయారవుతుంది, ఆ జిగటే గాజు మీద గోధుమరంగు వలయమై మాడుతుంది. చివర తెల్లగుడ్డతో రుద్దితే రంగు అంటకూడదు. మొదటిసారి కొంచెం అంటింది, నాలుగో పూత వేశాం.

వేడి లెక్క

పోత ఇనుము వేడిని ఎక్కువ దాచుకుంటుంది, పక్కకు మాత్రం నెమ్మదిగా పంపుతుంది. అల్యూమినియంతో పోలిస్తే దాని ఉష్ణవాహకత నాలుగో వంతు. 29 సెంటీమీటర్ల పెనాన్ని 18 సెంటీమీటర్ల పొయ్యి మీద పెడితే చుట్టూ ఐదున్నర సెంటీమీటర్లు పొయ్యి బయటే ఉంటుంది. పెసరట్టు అంచులు కాలకపోవడానికి కారణం అంతే, పిండిది కాదు తప్పు. దాన్ని 21 సెంటీమీటర్ల పొయ్యికి మార్చాం. ఇంకా నాలుగు సెంటీమీటర్లు బయటే ఉంటుంది, దానికి మందు సమయం ఒక్కటే.

కిలో ఇనుము ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 0.46 కిలోజౌళ్ళు కావాలి. 2.6 కిలోల పెనం 30 నుంచి 190 డిగ్రీలకు చేరాలంటే 191 కిలోజౌళ్ళు. సగటున 600 వాట్లు పెనంలోకి వెళ్తే, వృథా లేదనుకున్నా ఐదు నిమిషాలు పైనే. గాలికి పోయేది కలుపుకుంటే ఎనిమిది, పది నిమిషాలు. ఆ ఓపిక లేక నాబ్ 9 మీద పెడితే నడుమ రెండు మూడు నిమిషాల్లోనే పొగలు కక్కుతుంది, అంచు ఇంకా చెయ్యి ఆనేంత గోరువెచ్చగానే ఉంటుంది. ఆ తేడాకే పోత ఇనుము చీలడం కూడా ఉంది. గాజు పగులుతుందని భయపడతారు గానీ, ఈ తొందరలో ముందు పగిలేది పెనమే.

ఈ హాబ్ మీద కుదిరిన క్రమం: నాబ్ 2 మీద 4 నిమిషాలు, 4 మీద 5 నిమిషాలు, తర్వాత 5. నీటి చుక్క వేస్తే సుయ్యిమని రెండు మూడు సెకన్లలో ఆరిపోవాలి. ముత్యంలా ఉండకట్టి పరుగెత్తితే వేడి ఎక్కువైంది, పిండి గరిటెకే అంటుకు వచ్చేస్తుంది. అప్పుడు ఉల్లిపాయ చెక్కతో రుద్ది, అర నిమిషం ఆగాలి. చిలకరించిన నీళ్ళు ఫరవాలేదు. కాగిన పెనం మీద గ్లాసుడు చన్నీళ్ళు గుమ్మరించకూడదు, ఇనుము తట్టుకోదు. రెండు అట్లకోసారి పెనాన్ని రెండు చేతులా మసిగుడ్డలతో ఎత్తి, పావు వంతు తిప్పి దించాలి. పటకారుతో ఒంటిచేత్తో లేపితే జారుతుంది. 2.6 కిలోలు పది సెంటీమీటర్ల ఎత్తు నుంచి అంచు మీద పడితే చాలు, గాజు చిట్లడానికి.

ఆఖరి అట్టుకు ముందే స్విచ్ కట్టేయొచ్చు. పెనంలో ఉన్న వేడి ఇంకో అట్టును కాలుస్తుంది.

దిబ్బరొట్టె

ఒక గ్లాసు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి గట్టిగా రుబ్బాలి. రెండు గ్లాసుల బియ్యపురవ్వ నానేసి, నీళ్ళు పిండేసి కలపాలి. ఉప్పు, జీలకర్ర. పిండి గరిటె జారుగా కాక, వేస్తే కుప్పగా నిలబడేలా ఉండాలి.

చదును అడుగు పాత్రను 18 సెంటీమీటర్ల పొయ్యి మీద నాబ్ 2లో 5 నిమిషాలు, 4లో 4 నిమిషాలు కాచాం. నాలుగు చెంచాల నూనె వేసి, అది పాత్ర గోడలకు కూడా పట్టేలా రాశాం. పిండి మూడు సెంటీమీటర్ల మందాన పోసి, బరువైన మూత పెట్టి, నాబ్ 3కి దించాం. మొదటి రొట్టె మాడింది. గ్యాస్ అలవాటుతో, పిండి వేశాక మంట తగ్గించిన వెంటనే వేడి తగ్గుతుందనుకున్నాం. గాజు, ఇనుము రెండూ వేడిని పట్టుకునే ఉంటాయి, నాబ్ తిప్పిన ఫలితం కనబడటానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. రెండోసారి పిండి వేయడానికి రెండు నిమిషాల ముందే 3కి దించాం. మూత పెట్టి 12 నిమిషాలు, తర్వాత నాబ్ 2 మీద 6 నిమిషాలు. పైన తడి ఆరి, అంచు పాత్ర నుంచి విడిపోయాక తిరగేసి, చెంచా నూనె చుట్టూ వదిలి 5 నిమిషాలు, ఆపైన స్విచ్ కట్టేసి ఇంకో 5 నిమిషాలు. అడుగు ఎర్రగా, కరకరలాడుతూ, లోపల దూదిలా వచ్చింది. పాతకాలపు మూకుడు మూత మీద నిప్పులు వేసినప్పటి పైపొర మాత్రం ఏ విద్యుత్ పొయ్యి మీదా రాదు. దానికి బదులు తిరగేయడమే.

పులుసు కూరలకు, పులస అయినా బొమ్మిడాయిలైనా, ఈ పాత్ర వాడొద్దు. చింతపండు పులుపు నూనె పొరను తినేస్తుంది, కూరకు ఇనుము రుచి దిగుతుంది. మట్టిదాకే మంచిది, అది గ్యాస్ మీద.

చిన్న ఇండక్షన్ మీద

ఇనుము అయస్కాంతానికి అంటుకుంటుంది కాబట్టి పనిచేస్తుంది, కానీ బల్ల మీది ఇండక్షన్లలో కాయిల్ చిన్నది. ఖాళీ పెనాన్ని 2000 వాట్ల మీద పెట్టి, నడుమ నూనె పొర బూడిదరంగుకు తిరిగేదాకా ఈ ఇంట్లో ఒకసారి కాల్చేశారు. వేడి కొలిచే సెన్సరు గాజు కింద ఉంటుంది, దానికి కబురు ఆలస్యంగా అందుతుంది. 400 వాట్లతో మొదలుపెట్టాలి. చాలా చిన్న ఇండక్షన్లు తక్కువ వాట్లలో ఆగి ఆగి కరెంటు ఇస్తాయి, పలుచటి స్టీలు గిన్నెలో అది తెలుస్తుంది గానీ పోత ఇనుము ఆ ఎగుడుదిగుడులను మింగేస్తుంది. గీతలు పడకుండా సిలికాన్ మ్యాట్ వేయడం వండేటప్పుడు ఇండక్షన్ మీద కుదరొచ్చు, ఖాళీ పెనం కాచేటప్పుడు వద్దు. ఇన్‌ఫ్రారెడ్, సెరామిక్ హాబ్ మీద కాగితం, మ్యాట్ ఏదీ ఎప్పుడూ వేయకూడదు.

తోమడం, తుడవడం, తుప్పు

బూడిద, ఇసుక, ఇటుక పొడి గాజు మీదికి వెళ్ళే సామానుకు పూర్తిగా మానిపించాం. బదులు కొబ్బరి పీచు, వేడినీళ్ళు, అంటుకున్నది ఉంటే చెంచా కల్లుప్పు. కల్లుప్పులోనూ మట్టి పలుకు ఉంటుంది, అందుకని అది పైభాగానికే, అడుగుకు కాదు. పచ్చ స్క్రబ్బరు, స్టీలు పీచు గాజుకు తగలకూడదు. ప్రతిసారీ పెనం పెట్టే ముందు అడుగును, గాజును ఒకసారి పొడిగుడ్డతో తుడవాలి. నాలుగు సెకన్ల పని, ఈ కేసులో అన్నింటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే.

సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. తడి పెనాన్ని హాబ్ మీదే వదిలేస్తే పొద్దుటికి గాజు మీద తుప్పు వలయం ఉంటుంది. చల్లారిన గాజు మీద వెనిగర్ గుడ్డ ఐదు నిమిషాలు వేసి తుడిస్తే పోతుంది. బోరునీళ్ళ తెల్లమరకకూ అదే. పెనం కడగగానే పొయ్యి మీద రెండు నిమిషాలు ఆరబెట్టి, చుక్క నూనె తుడిచి, గూట్లో నూలుగుడ్డ మీద పెట్టుకోవాలి. హాబ్ మీద నిల్వ ఉంచకూడదు.

ఆరు వారాల తర్వాత

కొత్త గీత ఒక్కటీ లేదు. పాతవి అలాగే ఉన్నాయి, పోవు. పాలిష్ పొడితో రుద్ది పోగొడతామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, గాజు మెరుగు, మీద అచ్చైన గుర్తులు రెండూ పోతాయి. గుంట చుట్టూ పగులు పాకలేదు. అక్కడి నుంచి సన్నటి గీత బయల్దేరినట్టు కనిపిస్తే మెయిన్ కట్టేసి, పలక మార్చేదాకా ఆ హాబ్ వాడకూడదని చెప్పాం, పగులులోంచి నీళ్ళు కరెంటు భాగాలకు చేరతాయి. పోత ఇనుము గురించి హాబ్ మాన్యువల్లో ఏమని రాసి ఉందో, వారంటీకి దాంతో ముడి ఉందేమో చూసుకోమన్నాం. పెనం అడుగున ఒకచోట నూనె పొర పలచబడింది, మరో పూత వేశాం. ఆదివారాలు దిబ్బరొట్టె హాబ్ మీద, పొంగడాలు వరండాలో.